వైమానిక దాడి హెచ్చరిక: సైకిలు నుండి సెల్ ఫోను వరకు

2023లో మన దేశంలో లక్షలాది ప్రజల సెల్ ఫోన్లు ఉన్నట్టుండి, అంతకు ముందెన్నడూ వినని పెద్ద శబ్దంతో మోగినవి. తెర మీద ఒక ప్రకటన కనిపించినది. అది పరీక్ష కొరకు పంపిన సందేశం మాత్రమేననీ, ఎవరూ ఏమీ చేయనవసరం లేదనీ అందులో వ్రాసి ఉన్నది. కొందరు ఉలిక్కిపడ్డారు, కొందరు నవ్వుకున్నారు, మరునాటికి అందరూ మరచిపోయారు. తరువాత 2025 మే 7వ తేదీన హైదరాబాదులోను, విశాఖపట్నంలోను, దేశంలోని మరి అనేక స్థలాలలోను సైరన్లు మోగినవి. అది పౌర రక్షణ అభ్యాసం. శత్రు విమానాలు వస్తే ప్రజలు ఏమి చేయవలెనో నేర్పుటకు జరిపిన కార్యక్రమం.

చేతిలోని ఫోను మోగడానికీ, మిద్దె మీది సైరను కూయడానికీ ఉద్దేశం ఒక్కటే. ఆపద మనలను చేరేలోగా దానిని గురించిన వార్త మనలను చేరవలెను. ఇది వినడానికి సులభంగా ఉన్నది. కాని దీనిని సాధించుటకు మానవుడు నూరేండ్లకు పైగా శ్రమపడుతున్నాడు. హెచ్చరిక అనేది నాలుగు కొక్కెములు గల గొలుసు వంటిది. మొదటిది, వచ్చే ఆపదను దూరాన ఉండగానే కనిపెట్టడం. రెండవది, ఎవరికి చెప్పవలెనో నిర్ణయించడం. మూడవది, ఆ మాటను వారికి చేరవేయడం. నాలుగవది, విన్నవారు నమ్మి, లేచి, రక్షణ స్థలానికి పోవడం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తెగినా తక్కిన మూడు ఉండీ వ్యర్థమే. ఈ గొలుసు ఎట్లు అల్లబడినదో, ఎక్కడెక్కడ తెగినదో చూద్దాం.

సైకిలు మీద వచ్చిన హెచ్చరిక

మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 జనవరి నుండి జర్మనీవారి జెప్పెలిన్ అనే ఆకాశనౌకలు ఇంగ్లండు మీద బాంబులు వేయసాగినవి. 1917లో వాటికి బదులు గోథా అనే పెద్ద విమానాలు వచ్చినవి. ఆ సంవత్సరం జూన్ 13వ తేదీన, పట్టపగలు, గోథా విమానాల గుంపు ఒకటి లండను మీదికి వచ్చినది. నగర ప్రజలకు ఏ హెచ్చరికా లేదు. ఎండలో మెరిసే ఆ విమానాలను తమవే అనుకొని వీధులలో నిలబడి చూచినవారు కూడ ఉన్నారు. ఒక బాంబు పాప్లార్ అనే పేటలోని పాఠశాల పైకప్పును చీల్చుకొని, అంతస్తులు దాటి, క్రింది తరగతి గదిలో పేలినది. 18 మంది పిల్లలు చనిపోయారు. వారిలో ఎక్కువమంది అయిదారేండ్ల పసివారు. ఆనాటి దాడిలో మొత్తం 162 మంది మరణించారు.

విమానాలు వస్తున్నవని ప్రభుత్వంలో ఎవరికీ తెలియక కాదు. సముద్రతీరం నుండి టెలిఫోను వార్తలు వచ్చేవి. కాని ప్రజలకు చెప్పకూడదని ప్రభుత్వం ముందే నిశ్చయించుకొన్నది. చెప్పితే జనం భయంతోనో, కుతూహలంతోనో వీధుల మీద పడతారనీ, ఫాక్టరీలలో పని నిలిచిపోతుందనీ అధికారుల వాదన. అనగా గొలుసులో మొదటి కొక్కెం ఉన్నది, రెండవదాని దగ్గర తెగినది.

పాప్లార్ పిల్లల మరణం తరువాత, జూలై 7న మరొక దాడి జరిగిన తరువాత, ఈ వాదన నిలువలేదు. అప్పుడు ఏర్పడిన హెచ్చరిక పద్ధతి నేడు మనకు వింతగా తోస్తుంది. పోలీసులు రొమ్ము మీద, వీపు మీద అట్టలు కట్టుకొని సైకిళ్లెక్కి వీధి వీధినా తిరిగేవారు. తలదాచుకొండని ఆ అట్టల మీద పెద్ద అక్షరాలతో ఉండేది. విజిల్ ఊదుతూ పోయేవారు. అగ్నిమాపక కేంద్రాల నుండి మన తిరునాళ్లలో పేల్చే ఔట్ల వంటివి ఆకాశంలోకి పేల్చేవారు. ప్రమాదం తొలగిన పిమ్మట బాలస్కౌట్లు బూరలు ఊదేవారు. ఒక మహానగరంలో సైకిలు ఎంత వేగంగా పోగలదు? అయినా, ప్రభుత్వం తనకు తెలిసిన సంగతి ప్రజలకు చెప్పవలసి ఉన్నదనే సూత్రం ఆనాడు స్థిరపడినది. ఈ చరిత్రలో ఇది ఏ యంత్రానికీ తీసిపోని ముందడుగు.

ధ్వనిని నమ్ముకొంటే

యుద్ధం ముగిసిన తరువాత మొదటి కొక్కెం మీద దృష్టి పడినది. మేఘాల చాటున, చీకటిలో వచ్చే విమానాన్ని కంటితో చూడలేము. దాని ఇంజను చప్పుడును వినవచ్చును గదా! టక్కర్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ఇంగ్లండు దక్షిణ తీరాన కాంక్రీటుతో పెద్ద పెద్ద పుటాకార దర్పణాలు కట్టారు. పుటాకార దర్పణం కాంతికిరణాలను ఒక నాభి వద్ద చేర్చినట్లే, ఈ కాంక్రీటు గోడలు ధ్వనిని చేరుస్తాయి. నాభి వద్ద మైక్రోఫోను ఉంటుంది. డెంజ్ అనే చోట 1930 నాటికి కట్టిన ఒక గోడ పొడవు 200 అడుగులు. అది నేటికీ నిలిచి ఉన్నది.

ఈ పద్ధతిలోని చిక్కు ఏమిటో విద్యార్థులు స్వయంగా లెక్కకట్టవచ్చు. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. 30 కిలోమీటర్ల దూరాన ఉన్న విమానపు చప్పుడు దర్పణాన్ని చేరుటకు సుమారు 88 సెకండ్లు పడుతుంది. విమానం గంటకు 400 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకొందాం. అనగా సెకనుకు 111 మీటర్లు. ఆ 88 సెకండ్లలో అది దాదాపు 10 కిలోమీటర్లు ముందుకు వచ్చేస్తుంది. మనం విన్న క్షణానికి మిగిలినది 20 కిలోమీటర్లు, అనగా మూడే నిమిషాలు. విమానం వేగం పెరిగిన కొద్దీ ఈ మూడు నిమిషాలు కూడ కరగిపోతాయి. ఆపద వేగం, వార్త వేగం దాదాపు సమానమైనప్పుడు హెచ్చరికకు అర్థం లేదు. వార్తను మోయుటకు ఇంకా వేగం గల వాహనం కావలెను.

ఆ వాహనం రేడియో తరంగం. దానిని కనుగొన్న కథ తమాషా అయినది. శత్రు విమానాలను రేడియో తరంగాలతో మాడ్చివేసే మృత్యుకిరణం సాధ్యమా అని బ్రిటిషు వైమానిక శాఖ వాట్సన్-వాట్ అనే శాస్త్రవేత్తను అడిగినది. ఆయన సహాయకుడు విల్కిన్స్ లెక్కలు కట్టి అది అసాధ్యమని తేల్చాడు. కాని ఆ లెక్కలలోనే మరొక సంగతి బయటపడినది. విమానాన్ని మాడ్చలేకపోయినా, దానికి తగిలి వెనుకకు మళ్లే తరంగాలను పట్టుకోవచ్చును. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ వద్ద ఉన్న బి.బి.సి. ప్రసార కేంద్రపు తరంగాలతోనే ప్రయోగం చేశారు. సుమారు 13 కిలోమీటర్ల దూరాన ఉన్న విమానపు జాడ పరికరంలో కనిపించినది. ఇదే రాడారుకు నాంది. 1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చే నాటికి ఇంగ్లండు తూర్పు, దక్షిణ తీరాల వెంట సుమారు ఇరవై రాడారు కేంద్రాలు వెలిసినవి.

రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 150 కిలోమీటర్ల దూరాన ఉన్న విమానాన్ని తాకి తిరిగివచ్చుటకు దానికి పట్టే కాలం సెకనులో వెయ్యవ వంతు. అదే విమానం మనలను చేరుటకు 22 నిమిషాలకు పైగా పడుతుంది. కాంక్రీటు గోడ ఇచ్చిన మూడు నిమిషాల ప్రక్కన ఈ 22 నిమిషాలను పెట్టి చూడండి.

పసుపు, ఎరుపు, ఆకుపచ్చ

రాడారు శత్రువును చూచినది. తరువాత? ఇరవై కేంద్రాల నుండి ఒకే విమానాల గుంపును గురించి ఇరవై రకాల వార్తలు రావచ్చు. పైగా ఆ రాడార్లు సముద్రం వైపే చూచేవి. తీరం దాటి లోపలికి వచ్చిన విమానం వాటికి కనిపించదు. లోపలి ప్రాంతాలలో ఆ పనిని పరిశీలక దళంవారు చేసేవారు. వేయి కావలి స్థలాలలో సుమారు 30 వేలమంది సామాన్య పౌరులు, దుర్భిణులతో, చెవులతో ఆకాశాన్ని కాచేవారు. ఈ వార్తలన్నీ టెలిఫోనులో లండను సమీపాన గల బెంట్లీ ప్రయరీ అనే భవనానికి చేరేవి. అక్కడ పెద్ద బల్ల మీద దేశపటం. దళంలోని యువతులు రంగు బిళ్లలను దాని మీద కదుపుతూ ప్రతి శత్రు గుంపు దారిని గుర్తించేవారు. అయిదేసి నిమిషాలకు బిళ్ల రంగు మారేది. కాబట్టి ఏది తాజా వార్తో, ఏది పాతదో చూడగానే తెలిసేది.

దేశాన్ని టెలిఫోను తీగల అమరికను బట్టి సుమారు 130 హెచ్చరిక మండలాలుగా విభజించారు. శత్రువు ఒక మండలానికి 20 నిమిషాల దూరంలోకి రాగానే ఆ మండలం పేరు, దానితో పాటు పసుపు అనే మాట టెలిఫోనులో పోయేది. ఇది ప్రజలకు కాదు. ఆసుపత్రులు, అగ్నిమాపక దళాలు, పోలీసులు మొదలగువారికి మాత్రమే. మరికొన్ని నిమిషాలు గడిచినా శత్రువు దారి మారనట్లయితే ఎరుపు అనే మాట పోయేది. అప్పుడు సైరన్లు మోగేవి. ఆకుపచ్చ అంటే శత్రువు దాటిపోయినట్లు.

ఈ పద్ధతిని నడిపినవారు మనుషులే. దీనిలో కంప్యూటరు లేదు. కాని దీని ఆలోచనా విధానం నేటి కంప్యూటరు పద్ధతిని పోలి ఉన్నది. పలు చోట్ల నుండి వచ్చే వార్తలను ఒక చోట చేర్చడం, తప్పులను వడకట్టడం, దేశమంతటికీ కాక అవసరమైన మండలానికే చెప్పడం, ఆ చెప్పే మాటను ఒక్క రంగు పేరుకు కుదించడం. నేటి యంత్రాలు చేసేది కూడ ఇదే.

ఇక సైరను సంగతి. 1819లో కాన్యార్ దె లా తూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దానిని తయారుచేశాడు. అది నీటిలో కూడ ధ్వని చేసేది గనుక, గ్రీకు పురాణాలలోని సముద్ర గాయనుల పేరు దానికి పెట్టాడు. రంధ్రాలు గల చక్రం గాలి ధారకు అడ్డుగా తిరుగుతుంది. గాలి ఆగి, వదలి, ఆగి, వదలి పోతుంది. ఆ కుదుపులే ధ్వని. చక్రానికి 12 రంధ్రాలుండి, అది సెకనుకు 35 సార్లు తిరిగితే, ధ్వని పౌనఃపున్యం 12 ను 35 తో హెచ్చించగా వచ్చిన 420. చక్రం వేగాన్ని పెంచి, తగ్గించినట్లయితే కూత పైకి క్రిందికి ఊగుతుంది. అట్లు ఊగే కూత ప్రమాద సూచన. ఒకే స్థాయిలో సాగే కూత ప్రమాదం తొలగిన సూచన. చదువు రానివాడు, భాష తెలియనివాడు కూడ దీనిని గ్రహించగలడు. ఇదే సైరను గొప్పతనం.

నాన్నా, పులి!

1939 సెప్టెంబరు 3న బ్రిటిషు ప్రధాని చేంబర్లేన్ జర్మనీతో యుద్ధం ప్రారంభమైనట్లు రేడియోలో ప్రకటించాడు. కొద్ది నిమిషాలకే లండనులో సైరన్లు మోగినవి. జనం ఆశ్రయ స్థలాలకు పరుగెత్తారు. తీరా చూస్తే, వచ్చినది ఫ్రాన్సు నుండి వస్తున్న ఒక మిత్ర విమానం. యుద్ధంలోని మొదటి హెచ్చరికయే పొరపాటు!

నాన్నా, పులి! అని మాటిమాటికి అరచిన పిల్లవాని కథ మనకందరకు తెలిసినదే. హెచ్చరికలు పంపేవారిని ఈ కథ నీడవలె వెన్నాడుతున్నది. హెచ్చరించకపోతే ప్రాణాలు పోతాయి. ఊరికే హెచ్చరిస్తూ ఉంటే నమ్మకం పోతుంది, తరువాత ప్రాణాలూ పోతాయి. 1940 వేసవిలో ఇంగ్లండులో ఇదే జరిగినది. ఒక్క విమానం దూరాన కనిపించినా సైరను మోగేది. ఫాక్టరీలలో గంటల తరబడి పని ఆగిపోయేది. కొంత కాలానికి జనం సైరనును లెక్కచేయడం మానుకొన్నారు. అప్పుడు ఫాక్టరీల పైకప్పుల మీద కావలివారిని నిలిపారు. సైరను మోగినా పని సాగుతూ ఉంటుంది. నిజంగా తమ వైపే విమానం వస్తున్నదని కావలివాడు సైగ చేసినప్పుడు మాత్రమే అందరూ దిగిపోతారు. సైరను ఇక పరుగెత్తుమనే ఆజ్ఞ కాదు, జాగ్రత్తగా ఉండుమనే మాట మాత్రమే అని 1940 సెప్టెంబరులో ప్రధాని చర్చిల్ పార్లమెంటులో వివరించాడు.

తప్పుడు వార్త ఎంత పని చేస్తుందో మన తీరాన కూడ తెలిసివచ్చినది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను విమాన వాహక నౌక నుండి లేచిన విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేసినవి. నాడు పడిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉన్నది. ఆ వెంటనే, జపాను నౌకాదళం మద్రాసు వైపు వస్తున్నదనే వార్త పుట్టినది. ఆంధ్ర జిల్లాలకు కూడ ఆ నగరమే రాజధానిగా ఉన్న రోజులవి. ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్లకు తరలిపోయినవి. అది చూచి నగర ప్రజలు రైళ్లలో, బండ్లలో, కాలినడకన ఊరు విడిచారు. నౌకాదళం రానే లేదు. బాంబు పడిన ఊళ్లు ఒకటి, ఖాళీ అయిన ఊరు మరొకటి!

మౌనం కూడ అనుమానమే

రెండవ ప్రపంచ యుద్ధం చివరి రోజులలో మరొక పాఠం నేర్చుకోవలసి వచ్చినది. 1944 సెప్టెంబరు 8 నుండి జర్మనీవారు లండను మీద వి-2 రాకెట్లను ప్రయోగించారు. ఇది ధ్వని కంటె ఎన్నో రెట్లు వేగంగా పోయే ఆయుధం. ముందు పేలుడు, ఆ తరువాత అది వచ్చిన చప్పుడు! ఇంగ్లండు మీద వెయ్యికి పైగా పడినవి. సుమారు 2,700 మంది చనిపోయారు. ఏ సైరనూ వారిని హెచ్చరించలేదు, హెచ్చరించగలిగేదీ కాదు.

ఇంకొక చిక్కు కూడ ఉన్నది. సైరను మోగడం లేదంటే రెండు అర్థాలున్నవి. ప్రమాదం లేదు, లేదా సైరను చెడిపోయినది. ఈ రెండింటినీ వేరు చేయడం ఎట్లు? 1941లో జర్మనీ సైన్యం ముట్టడించిన లెనిన్‌గ్రాడులో దీనికొక చక్కని ఉపాయం పన్నారు. ఇండ్లలో, వీధులలో తీగల ద్వారా పనిచేసే లౌడుస్పీకర్లుండేవి. కార్యక్రమాలు లేని వేళలలో వాటి నుండి సంగీతకారులు తాళం కొరకు వాడే మెట్రోనోము టిక్కు టిక్కుమనే చప్పుడు ప్రసారమయ్యేది. అది మెల్లగా సాగితే ఆకాశం నిర్మలం. వేగంగా సాగితే దాడి. అసలు చప్పుడే లేకపోతే తీగ తెగినదని అర్థం. నాడి కొట్టుకొన్నంత కాలం మనిషి బ్రతికి ఉన్నట్లు తెలుస్తుంది గదా!

యుద్ధానంతరం బ్రిటనులో అణు క్షిపణుల నుండి హెచ్చరిక కొరకు ఏర్పాటు చేసిన పద్ధతిలో కూడ ఈ సూత్రమే ఉన్నది. టెలిఫోనులో గంటలు నిమిషాలు చెప్పే గడియారపు తీగలనే దానికి వాడుకొన్నారు. ఆ తీగలు నిత్యం వాడుకలో ఉంటాయి గనుక, చెడిపోతే వెంటనే తెలుస్తుంది. ఆ పద్ధతి ప్రజలకు ఇవ్వగలిగిన వ్యవధి నాలుగు నిమిషాలని అప్పట్లో చెప్పుకొనేవారు. అది 1990ల మొదట రద్దయినది. నేటి డిజిటల్ యంత్రాలు కూడ ఒకదానికొకటి క్షణక్షణం నేనున్నానని చిన్న సంకేతం పంపుకొంటాయి. ఇంజనీర్లు దానిని గుండె చప్పుడనే పిలుస్తారు.

అంకెలుగా మారిన వార్త

బెంట్లీ ప్రయరీలోని బల్ల, బిళ్లలు, యువతుల పనిని యంత్రానికి అప్పగించిన మొదటి పెద్ద ప్రయత్నం అమెరికాలో జరిగినది. దాని పేరు సేజ్. మొదటి కేంద్రం 1958లో పనిలోకి వచ్చినది. రాడారు చూచిన దానిని అంకెలుగా, అనగా సున్న, ఒకటి అనే రెండు గుర్తుల వరుసగా మార్చి, టెలిఫోను తీగల మీద కంప్యూటరుకు పంపేవారు. ఒక్కొక్క కంప్యూటరు బరువు సుమారు 250 టన్నులు. దానిలో రమారమి 50 వేల వాల్వులుండేవి. దీని ముఖ్యోద్దేశం యుద్ధ విమానాలను నడిపించడమే గాని ప్రజలను హెచ్చరించడం కాదు. అయినా వార్తను అంకెలుగా మార్చి తీగల మీద పంపే విద్య ఇక్కడ బాగా పెరిగినది. ఈనాటి హెచ్చరిక పద్ధతులన్నిటికీ అదే పునాది.

ఇక మూడవ కొక్కెం. సెల్ ఫోను వచ్చిన తరువాత, ప్రతి మనిషి జేబులోను ఒక సైరను ఉన్నట్లే. కాని లక్షల మందికి ఒక్క క్షణంలో చెప్పడం ఎట్లు? మామూలు సందేశం తపాలా జవాను వంటిది. ఇంటింటికీ తిరిగి, పేరు చూచి, ఉత్తరం ఇవ్వవలెను. పది లక్షల ఉత్తరాలున్నప్పుడు చివరి ఇంటికి చేరేసరికి ఆపద వచ్చి పోతుంది. దీనికి బదులు సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే పద్ధతి ఉన్నది. ఇది గ్రామంలో వేసే దండోరా వంటిది. సెల్ టవరు ఒక్కసారి టముకు వేస్తుంది. ఆ టవరు పరిధిలోని ఫోన్లన్నీ దానిని ఏకకాలంలో వింటాయి. ఎవరి నంబరు ఏదో టవరుకు తెలియనక్కర లేదు. ఫోన్ల రద్దీ ఎంత ఉన్నా ఆగదు. 2023లో మన ఫోన్లను మోగించినది ఈ టముకే.

అయితే వేగం రెండంచుల కత్తి. 2018 జనవరి 13 ఉదయం హవాయి ద్వీపాలలోని ప్రజల ఫోన్లన్నిటికీ, క్షిపణి వస్తున్నది, వెంటనే దాక్కోండి, ఇది అభ్యాసం కాదు అనే సందేశం వచ్చినది. అది ఉద్యోగి చేసిన పొరపాటు. పొరపాటు క్షణంలో అందరికీ చేరినది. దానిని సవరించే సందేశం ఫోన్లకు చేరుటకు 38 నిమిషాలు పట్టినది. తప్పును పంపుటకు మీట ఉన్నది గాని, తప్పును దిద్దుటకు సిద్ధంగా సందేశం లేదు. యంత్రం వేగంగా ఉన్నా, రెండవ కొక్కెం మనిషి చేతిలోనే ఉన్నది.

ఉక్రెయినులో

ఈ విద్య అంతటికీ నిజమైన పరీక్ష 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యాలు ఉక్రెయినుపై దండెత్తినప్పుడు ఎదురైనది. సోవియటు కాలపు సైరన్లు చాలా చోట్ల ఉన్నవి. కాని మూసిన కిటికీల వెనుక, నిద్రలో, పల్లెలలో అవి వినిపించవు. యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, మార్చి ప్రారంభంలో, గాలి హెచ్చరిక అనే అర్థం గల పేరుతో ఒక ఫోను అప్లికేషను వెలువడినది. ఇండ్లకు దొంగల గంటలు తయారుచేసే కీవ్ నగరపు ఎజాక్స్ కంపెనీ, ఖ్మెల్నిత్స్కీ నగరానికి చెందిన స్ట్‌ఫాల్కన్ కంపెనీ కలిసి దానిని తయారుచేసినవి.

అది పనిచేసే తీరు ఇది. వైమానిక దళం నుండి వార్త రాగానే, రాష్ట్ర కేంద్రంలో పనిమీద ఉన్న అధికారి ఒక మీట నొక్కుతాడు. ఆ రాష్ట్రాన్ని ఎంచుకొన్న ఫోన్లన్నీ మోగుతాయి. ఫోనును మౌనంగా ఉంచినా సరే మోగుతుంది. ఆపద తొలగిన తరువాత మరల కబురు వస్తుంది. మొదట రాష్ట్రం మొత్తానికి ఒకే హెచ్చరిక ఉండేది. తరువాత చిన్న చిన్న ప్రాంతాలకు విడివిడిగా పంపే ఏర్పాటు వచ్చినది. డౌడింగ్ కాలపు 130 మండలాల ఆలోచనే ఇక్కడ కూడ పనిచేసినది.

ఆయుధాన్ని బట్టి వ్యవధి మారుతుంది. షాహెద్ అనే డ్రోను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో మెల్లగా వస్తుంది. అందువల్ల హెచ్చరిక గంటల తరబడి సాగవచ్చు. కింజాల్ అనే అతివేగపు క్షిపణిని మోయగల మిగ్-31 విమానం నేల విడిచినదంటే చాలు, దేశమంతటా హెచ్చరిక వస్తుంది. ఆ క్షిపణి ఎక్కడికి పోతుందో చెప్పలేరు గదా! అనేక సార్లు ఆ విమానం ఏమీ వేయకుండానే తిరిగిపోతుంది. నాన్నా, పులి కథ మరల మొదలు. 2023లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఫోన్ల కదలికలను పరిశీలించి, హెచ్చరికకు ప్రజలు స్పందించడం ప్రాణాలను కాపాడినదనీ, కాని రోజులు గడిచిన కొద్దీ ఆ స్పందన తగ్గుతూ వచ్చినదనీ తేల్చినది.

ఫోను ఒక్కదానినే నమ్ముకొనడం కూడ ప్రమాదమే. 2022 అక్టోబరు నుండి విద్యుత్ కేంద్రాల మీద దాడులు జరిగినవి. కరెంటు పోతే సెల్ టవర్లు మూగబోతాయి. కాబట్టి సైరన్లను, రేడియోను వదలలేదు. దొంగ హెచ్చరికల భయం మరొకటి. 2023 ఫిబ్రవరిలో రష్యాలోని కొన్ని రేడియో కేంద్రాల నుండి దాడి జరుగుతున్నదనే తప్పుడు ప్రకటన వెలువడినది. ఎవరో ప్రసార మార్గంలో చొరబడి పంపినదని అక్కడి అధికారులు తెలిపారు. హెచ్చరించే గొంతు ఎవరిదో రుజువు చేసుకొనడం కూడ నేటి విజ్ఞానం పరిష్కరించవలసిన సమస్య.

అన్నిటి కంటె ఆశ్చర్యకరమైనది మొదటి కొక్కెంలో వచ్చిన మార్పు. నేలకు చాలా దగ్గరగా ఎగిరే డ్రోనులు రాడారుకు సరిగా చిక్కవు. అందుచేత ఉక్రెయినువారు స్తంభాలకు వేలకొలది మైక్రోఫోనులు బిగించి, ఇంజను చప్పుడును బట్టి వాటి దారిని లెక్కకట్టసాగారు. ఈ సంగతిని 2024లో అమెరికా వైమానిక దళాధికారులు వెల్లడించారు. డెంజ్ గోడ ఓడిపోయిన చోట ఈ మైక్రోఫోనులు ఎట్లు గెలిచినవి? ఒక చెవికి బదులు వేల చెవులు. వాటిని కలిపి లెక్కించే కంప్యూటరు. పైగా వచ్చే ఆయుధం నిదానమైనది. 2022 అక్టోబరు నాటికి మరొక ఫోను అప్లికేషను కూడ వచ్చినది. సామాన్య పౌరుడు క్షిపణిని చూచినా, విన్నా, ఫోనును ఆ దిక్కుకు త్రిప్పి మీట నొక్కితే వార్త వైమానిక రక్షణ దళానికి చేరుతుంది. 1940 నాటి 30 వేలమంది పరిశీలకులు మరల వచ్చినట్లే!

చివరి కొక్కెం

ఇన్ని యంత్రాలున్నా, ఖార్కీవ్ నగరానికి మాత్రం ఇవి చాలలేదు. రష్యా సరిహద్దు అక్కడికి సుమారు 30 కిలోమీటర్లే. అవతలి నుండి వచ్చే క్షిపణి నిమిషానికి అటూ ఇటుగా చేరుతుంది. చాలా సార్లు పేలుడు తరువాత సైరను వినిపిస్తుంది. వి-2 సమస్యే మరల. తరగతిలోని ముప్పయి మంది పిల్లలను ఒక నిమిషంలో మెట్లు దించడం ఏ ఉపాధ్యాయునికీ సాధ్యం కాదు. అప్పుడు ఆ నగరంవారు సమస్యను తలక్రిందులు చేశారు. హెచ్చరిక వచ్చిన తరువాత పిల్లలను ఆశ్రయానికి తీసుకొనిపోవుటకు బదులు, ఆశ్రయంలోనే బడి పెట్టారు. 2023 సెప్టెంబరు నుండి భూగర్భ రైలు స్టేషనులలో తరగతులు నడిచినవి. 2024లో నేల క్రింద ఒక పాఠశాలనే కట్టారు.

1917లో పాప్లార్ పాఠశాలలోని పిల్లలకు హెచ్చరిక లేదు. వారి మీదికి వచ్చిన విమానం నిదానమైనది. చెప్పదలచుకొంటే చెప్పుటకు వ్యవధి ఉన్నది. ఖార్కీవ్ పిల్లలకు హెచ్చరికలు కావలసినన్ని ఉన్నవి; వ్యవధి లేదు. ఈ రెండు బడుల మధ్య నూరేండ్ల విజ్ఞానం ఉన్నది. వార్త వేగం పెరిగిన కొద్దీ ఆయుధం వేగమూ పెరిగినది. యంత్రం మనకు కొన్ని నిమిషాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని సెకండ్లు సంపాదించి పెట్టగలదు. వాటిని ఏమి చేసుకొంటామన్నది చివరి కొక్కెం. అది మన చేతిలో ఉన్నది.

ఆ కొక్కెం ఎంత గట్టిదో చూచుకొనుటకు యుద్ధమే రానక్కర లేదు. తుఫాను గాని, అగ్ని ప్రమాదం గాని, కర్మాగారంలో విషవాయువు గాని, గొలుసు అదే. మీ పాఠశాలలో గంట మోగిన తరువాత చివరి పిల్లవాడు బయటికి వచ్చుటకు ఎన్ని సెకండ్లు పడుతుందో గడియారం పట్టి ఒకనాడు కొలిచి చూడండి. ఎవరు ఏ మెట్ల మీదుగా దిగవలెనో, చిన్న పిల్లల చేయి ఎవరు పట్టుకోవలెనో ముందే నిర్ణయించి, మరల కొలవండి. రెండు కొలతలకు గల తేడాను నల్లబల్ల మీద వ్రాయండి. ఏ రాడారూ, ఏ సెల్ టవరూ ఇవ్వలేని సెకండ్లు అవే.